తోక తెగే చోటు చూపించు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సుజాతకు,

నువ్వు పంపిన విటమిన్ ఇ వ్యాసం రెండుసార్లు చదివాను. "ఎక్కువైనది మూత్రంలో పోతుంది" అన్న చోట రెండుసార్లూ ఆగిపోయాను.

పొద్దున నువ్వుల నూనె సీసా కడిగాను. ఇక్కడివాళ్ళు నల్లెణ్ణెయ్ అంటారు కదా, అదే. ఎన్ని నీళ్ళు పోసి కుదిపినా గాజుకి పట్టిన జిడ్డు వదల్లేదు, నీళ్ళు చుక్కలు చుక్కలుగా జారిపోయాయి. విటమిన్ ఇ కూడా నూనెలోనే కరుగుతుంది. మరి మూత్రంలోకి ఎలా వెళ్ళిందమ్మా? నీ వ్యాసానికి ప్రాణం ఆ ప్రశ్నే.

కాలేయం దగ్గర నిలబడి చూడు. ఈ విటమిన్‌కి ఎనిమిది రూపాలు, నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రైయినాల్‌లు. కొవ్వుతో పాటు అన్నీ అక్కడికి చేరతాయి. అక్కడి ప్రొటీన్ ఒకటి ముఖ్యంగా ఆల్ఫా టోకోఫెరాల్‌ని ఏరి మళ్ళీ రక్తంలోకి పంపుతుంది. మిగతావాటి అణువులకి ఉండే పొడవాటి తోక చివర సీవైపీ4ఎఫ్2 అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలిస్తుంది. అక్కణ్ణుంచి కొవ్వు ఆమ్లాల్ని కోసినట్టే కోత మొదలవుతుంది, ఒక్కో విడతకి రెండు మూడు కార్బన్లు. చివరికి మిగిలే పొట్టి ముక్క పేరు సీఈహెచ్‌సీ. నీళ్ళలో కలిసి మూత్రంలో పోయేది అదే, విటమిన్ కాదు. సగం తెగిన పొడుగు ముక్కలూ, పేగు పీల్చుకోనిదీ మలంలో పోతాయి.

ఆ ముక్కని "వ్యర్థం" అన్నావు, ఆ మాట కొట్టెయ్. శరీరం నుంచి సోడియంని బయటికి పంపే పదార్థం కోసం లోమా లిండా యూనివర్సిటీ పరిశోధకులు మూత్రంలో వెతికితే, 1996లో తేలింది గామా టోకోఫెరాల్ తాలూకు ఈ ముక్కే.

మన నువ్వుల సంగతి కూడా రాయి. వాటిలో ఎక్కువగా ఉండేది గామా, కాలేయం త్వరగా వదిలించుకునే రకం. కానీ అవే నువ్వుల్లోని సెసమిన్ ఆ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది, గామా రక్తంలో ఇంకాసేపు ఉంటుంది. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో!

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకప్పుడు నేనూ "ఎక్కువైనది పోతుంది" అనే రాశాను. రక్తం పలచబడే మందు వాడే పాఠకుడొకాయన, అయితే పెద్ద డోసు విటమిన్ ఇ క్యాప్సూల్స్‌తో భయం లేదుగా అని ఉత్తరం రాశారు. ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వెంటనే ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

మూడో పేరా నుంచి తిరగరాసి తీసుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మాస్టారు