ప్రాణానికి రేటు ఎలా కడతారు?

మనిషి ప్రాణం ఇన్ని కోట్లని ఎకనమిస్టులు ఏ లెక్కన చెబుతారని అడిగారు. నేను ఎకనమిస్టుని కాను, విశాఖ మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లకు పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. కానీ ఈ లెక్క నాకు బాగా తెలుసు.

లోపలి గోడలకు రంగు వేసేవాడి కంటే, బయట తాడుకు వేలాడుతూ వేసేవాడికి రోజుకి రెండొందలు ఎక్కువిస్తాను. ఎకనమిస్టులు పట్టుకునేది ఆ రెండొందలనే. ఏడాదికి 200 రోజుల పనైతే 40,000. అలాంటివాళ్లు 500 మందిలో ఏటా ఒకరు పడి చనిపోతారనుకుందాం (ఉత్తినే అనుకుందాం, నా మనుషులు క్షేమం). అందరూ కలిసి అదనంగా తీసుకున్నది 2 కోట్లు. అదే ఒక ప్రాణం విలువ అంటారు. పోయేది ఫలానావాడని ముందే తెలిస్తే ఈ లెక్క నిలబడదు. 1968లో అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ చూపించిన దారి ఇదే: ప్రాణానికి ధర అడగొద్దు, ముప్పు కాస్త తగ్గడానికి జనం ఎంత ఇస్తారో చూడండి అని. కాలుష్యం మీద రూలు పెడితే దాని ఖర్చు గిట్టుబాటవుతుందా అని అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చింది ఇలాంటి అంకెతోనే.

రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబానికి పరిహారం కట్టేటప్పుడు మన కోర్టు లెక్క వేరు. మా చిన్నాన్న ఆటో నడిపేవాడు. 38 ఏళ్లకి హైవే మీద లారీ గుద్ది పోయాడు. లాయరు గారు ఒక కాగితం వెనక్కి తిప్పి రాశారు. నెలకి 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. ముందు ముందు సంపాదన పెరిగేది కదా, 40 శాతం కలిపితే 2,52,000. సొంత ఖర్చు కింద పావు వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకి 15తో గుణించాలి. 28,35,000, పైన కొన్ని చిన్న మొత్తాలు. ఈ గుణకాల పట్టిక సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఖరారు చేసింది. పిన్ని కాగితం చాలాసేపు చూసి, "ఆ పావు ఎందుకు తీసేశారు బాబూ?" అంది.

"అది ఆయన తిండికీ బట్టకీ అయ్యేది కదమ్మా."

2020లో ఇక్కడి గ్యాస్ లీకులో పోయినవాళ్ల కుటుంబాలకు ప్రభుత్వం తలా కోటి ప్రకటించింది. వయసు లేదు, గుణకం లేదు. ఊరి కోపాన్ని బట్టి వచ్చిన అంకె అనిపించింది నాకు.

తాడు లెక్క మీద కూడా నాకు నమ్మకం తక్కువే. మొన్న వానాకాలం పనుల్లేక, రెండొందలకు ఎక్కే మనిషి నూటయాభైకే ఎక్కాడు. ఎకనమిస్టుల సూత్రం ప్రకారం అతని ప్రాణం కోటిన్నరకి పడిపోయినట్టే. అసలు సంగతి, కూతురి కాలేజీ ఫీజు గడువు ఆ వారంలోనే ఉంది.