సి ఫంక్షన్లను లువా స్క్రిప్ట్ నుంచి పిలవాలంటే బైండింగ్ జనరేటర్ వాడాలా, చేత్తో రాయాలా?

సి లైబ్రరీ ఒకటి చేతిలో ఉంది, దాన్ని లువా అనే చిన్న స్క్రిప్టు భాష నుంచి పిలవాలి, రెంటినీ కలిపే కోడ్‌ను (బైండింగ్) తనే తయారుచేసే స్విగ్ లాంటి జనరేటర్‌కి అప్పజెప్పనా లేక నేనే రాసుకోనా అని అడిగారు. మీరే రాసుకోండి. నాది వరంగల్. పత్తి మిల్లుల్లో లారీ కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. కాంటా నుంచి బరువు చదివేది సి, ఆ బరువు మీద లెక్క కట్టేది లువా. ఏళ్ల తరబడి ఇదే పని కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తున్నా.

మాకు లువా ఎందుకంటే, కాంటా మారదు గాని లెక్కలు సీజన్ సీజన్‌కీ మారతాయి. పత్తిలో తేమ 8 శాతం దాటకపోతే మద్దతు ధర పూర్తిగా వస్తుంది, 12 దాకా ధరలో కోత పడుతుంది, ఆపైన ఉంటే ప్రభుత్వ కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదు. ప్రైవేటు మిల్లుల తరుగు లెక్క వేరే. బండి నంబర్ల సంగతీ అంతే. మా ఏపీ 36 పోయి 2014లో టీఎస్ వచ్చింది, 2024లో టీజీ అయింది, పాత నంబరు బండ్లు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వీటి కోసం ప్రతిసారీ సి కోడ్ కంపైల్ చేసి మిల్లు మిల్లుకూ తిరగడం అయ్యే పని కాదు. స్క్రిప్టులో ఒక లైను మారిస్తే చాలు.

ఒకసారి పరకాల దారిలో ఉన్న ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి సాఫ్ట్‌వేర్ వేరేవాళ్లు చేసి వదిలేసినది. వెళ్లేసరికి గేటు బయట ట్రాక్టర్ల లైను రోడ్డు దాకా ఉంది. నాలుగైదు బండ్లు సాఫీగా తూగుతాయి, ఉన్నట్టుండి ‘పోర్ట్ దొరకలేదు’ అని తెర మీద పడుతుంది. కాంటా గుమస్తా కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు, ఇంకో నాలుగు బండ్లు కదులుతాయి. ఒక రైతు కిటికీ దగ్గరికొచ్చి “ఇంకెంతసేపు సారూ, మబ్బుల్నే వచ్చినం” అన్నాడు. ఆయనకు ఏం చెప్తాం? అప్పటికే యూఎస్‌బీ కన్వర్టర్ మార్చి చూశారట, కేబుల్ మార్చి చూశారట. ఎక్కడ ఏం ఆగినా కేబుల్ మీదికే నెట్టడం మన దగ్గర మామూలైపోయింది.

నేను గుమస్తా పక్కన కూర్చుని అతను టైప్ చేసేది చూశాను. తేమ గడిలో మామూలుగా 9.5 అని కొడతాడు, ఒక్కోసారి పక్కన శాతం గుర్తు కూడా పెడతాడు. ఆ గుర్తు పడ్డాకే పోర్ట్ పోతోంది. కోడ్ తెరిస్తే సంగతి బయటపడింది. సి ఫంక్షన్ ముందు సీరియల్ పోర్ట్ తెరుస్తోంది, బరువు చదువుతోంది, ఆ తర్వాత తేమ విలువను లువాఎల్_చెక్‌నంబర్‌తో, అంటే వచ్చినది అంకేనా అని చూసే లువా ఫంక్షన్‌తో, తీసుకుంటోంది. వచ్చినది అంకె కాకపోతే చెక్‌నంబర్ మామూలుగా వెనక్కి రాదు, లాంగ్‌జంప్ చేసి, అంటే మధ్య లైన్లన్నీ వదిలేసి, నేరుగా ఎర్రర్లను పట్టుకునే పీకాల్ దగ్గరికి దూకేస్తుంది. కింద పోర్ట్ మూసే లైను ఉంది గాని అక్కడిదాకా ఎవరూ రారు. ప్రోగ్రాం బతికే ఉంటుంది, పోర్ట్ తెరిచే ఉంటుంది, తర్వాతి బండికి దొరకదు.

ఆ రాత్రే సరిచేశాం. పోర్ట్‌ను ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కసారే తెరిచి సి దగ్గరే ఉంచేశాను. ఫంక్షన్‌లో మొట్టమొదటి పని లువా ఇచ్చిన విలువలన్నీ సరిచూసుకోవడం, ఆ తర్వాతే మిగతావి. మధ్యలో ఏదైనా తెరవక తప్పకపోతే దాన్ని యూజర్‌డేటాలో (సి వస్తువును లువా చేతికిచ్చే డబ్బా) పెట్టి, దాని మెటాటేబుల్‌లో జీసీ ఫంక్షన్ (వాడకం అయిపోయిన వాటిని లువా ఏరేసేటప్పుడు పిలిచేది) ఇవ్వండి. ఎర్రర్ వచ్చి మధ్యలో దూకేసినా చెత్త ఏరే సమయానికి లువాయే మూసేస్తుంది. అది ఎప్పుడు ఏరుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి వెంటనే మూయాల్సినవైతే లువా 5.4లో వచ్చిన క్లోజ్ వేరియబుల్స్ (తమ బ్లాక్ దాటగానే మూసుకునేవి) వాడండి.

ఇలాంటివి జనరేటర్ ఆలోచించదు. హెడర్ ఫైల్‌లో కనబడిన ఫంక్షన్లన్నిటినీ స్క్రిప్టుకి తెరిచిపెడుతుంది. పోర్ట్ తెరువు, పోర్ట్ వేగం (బాడ్ రేటు) పెట్టు, బఫర్ ఖాళీ చెయ్యి, ఇవన్నీ స్క్రిప్ట్ రాసేవాడి నెత్తినపడతాయి. మా స్క్రిప్టులు మార్చేది మిల్లు అకౌంటెంట్లు. వాళ్లకు కావలసింది తూకం, తేమ, చీటీ. అందుకే నేను ఆ పేర్లతోనే ఫంక్షన్లు ఇస్తాను. తూకం అంటే కిలోలు రావాలి, అంతే. బరువు నిలకడగా ఉందా లేదా, కాంటా పంపిన అక్షరాల వరుస మధ్యలో తెగిందా, ఈ తలనొప్పులు సి లోపలే తీరాలి. లువాజిట్ అనే వేగవంతమైన లువాలో ఎఫ్ఎఫ్ఐ తేలిక, సి ఫంక్షన్ డిక్లరేషన్ రాస్తే చాలు స్క్రిప్టు నుంచే పిలవొచ్చు అని కొందరు అంటారు. నిజమే, గాని డిక్లరేషన్ తప్పు రాస్తే ఎర్రర్ రాకుండానే ప్రోగ్రామే కూలిపోవచ్చు. బండ్లు లైనులో ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

చేత్తో రాయడమంటే భయం ఎందుకో నాకు అర్థం కాదు. ఒక ఫంక్షన్‌కి పట్టుమని పది లైన్లు ఉండవు: విలువలు తీసుకో, పని చెయ్యి, జవాబు స్టాక్ (సి, లువా విలువలు ఇచ్చిపుచ్చుకునే చోటు) మీద పెట్టు, ఎన్ని పెట్టావో రిటర్న్ చెయ్యి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సి ల్యాబ్ అంటే ఫ్యాక్టోరియల్, పాలిండ్రోమ్ దగ్గరే ఆగిపోతోంది. ఫంక్షన్ పాయింటర్ చూడకుండానే పిల్లలు డిగ్రీ పట్టుకుని కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కుతున్నారు. ఇది చూస్తే నాకు బాధేస్తుంది. ఒక చిన్న బైండింగ్ రాయించినా స్టాక్, మెమరీ, ఎర్రర్ దారులు అన్నీ ఒక్క దెబ్బకు అర్థమవుతాయి.

మీరు మొదలుపెట్టేటప్పుడు రెండు చూసుకోండి. లువా స్ట్రింగ్‌ను సి కి అందించే లువా_టుస్ట్రింగ్ ఇచ్చిన పాయింటర్‌ను సి లో దాచుకోకండి. ఆ స్ట్రింగ్ స్టాక్ మీంచి దిగిపోయాక దానికి గ్యారంటీ లేదు, కాపీ చేసుకోండి. కిలోల్లాంటి పూర్ణ సంఖ్యల్ని పుష్‌నంబర్‌తో కాక పుష్‌ఇంటీజర్‌తో పంపండి. లువా 5.3 నుంచి పూర్ణ సంఖ్యలు, దశాంశ సంఖ్యలు వేరు కాబట్టి పుష్‌నంబర్‌తో పంపితే చీటీ మీద 12340 బదులు 12340.0 అని పడుతుంది, ఆ సున్నా ఏందని రైతు తప్పకుండా అడుగుతాడు.