మేస్త్రి గారిని అడగండి: డ్రమ్ము నిండేదాకా ఆగొద్దు

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాకు చిన్న ఫర్నిచర్ షెడ్డు ఉంది. కోసే టేబుల్ సా, చిత్రిక పట్టే ప్లేనర్, నునుపు చేసే శాండర్ మూడింటికీ కలిపి ఆరు నెలల కిందట పొట్టు పీల్చే డస్ట్ కలెక్టర్ పెట్టించాం. పైన గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసే సైక్లోన్, కింద 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, పక్కన ఫిల్టరు. నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, డ్రమ్ము ఖాళీ చేసే రోజే టెన్షన్. గోనెసంచిలోకి వంచగానే షెడ్డంతా మంచు కమ్మినట్టవుతోంది. పోయిన వారం మేడ మీద ఆరేసిన బట్టలన్నీ పాడై ఇంటివాళ్లతో మాటా మాటా పెరిగింది. పోనీ డ్రమ్ములో ప్లాస్టిక్ సంచీ వేద్దామంటే అది పైకి పీల్చుకుపోతోంది. ఈ మధ్య లాగుడు కూడా తగ్గింది. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: తమ్ముడూ, మీ ఇంటివాళ్లు బట్టలతో వదిలేశారు. మా ఆవిడ నన్ను ఏకంగా గుమ్మం బయటే నిలబెట్టి, పెరట్లో స్నానం చేసొస్తేగానీ లోపలికి రానివ్వలేదు. మర్రిపాలెంలో నా షెడ్డులో ఎనిమిది టేకు తలుపుల పని. తొందరలో ఉండి రెండు రోజులు డ్రమ్ము వంక చూడలేదు. అది మూతిదాకా నిండి, ఆ పైన వచ్చిన పొట్టంతా ఫిల్టర్లోకి పోయింది. అది దులిపేసరికి పూట గడిచింది, దగ్గు మాత్రం వారం రోజులు వదల్లేదు. మీ లాగుడు తగ్గడానికీ ఇదే కారణమని నా అనుమానం.

మన విశాఖలో సైక్లోన్ అంటే 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ గుర్తొస్తుంది. మీ షెడ్డులోదీ అలాగే సుడి తిరుగుతుంది, కాకపోతే మనకు పనికొచ్చేలా. బరువైన పొట్టు గోడకు కొట్టుకుని జారి డ్రమ్ములో పడుతుంది, మెత్తటి పొడి నడిమి గాలితో పైకి లేచి ఫిల్టర్ చేరుతుంది. పొట్టు సుడి దాకా పెరిగిందా, పడింది పడినట్టే మళ్లీ పైకి లేస్తుంది. అందుకే ముప్పాతిక నిండగానే ఖాళీ చేయండి. ప్లేనర్ నడిపిన రోజు డ్రమ్ము ఇట్టే నిండుతుంది, శాండర్‌తో అంత త్వరగా నిండదు. కాబట్టి వారానికోసారి అని లెక్క పెట్టుకుంటే కుదరదు. డ్రమ్ముకి పక్కన చిన్న కిటికీ కోసి, పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క గాలి చొరకుండా బిగించండి.

ఇంకో సంగతి, డ్రమ్ము మూత దగ్గర గాలి దూరినా ఇదే తంతు. మెషీన్ ఆన్ చేసి మూత చుట్టూ ఒక దారప్పోగు తిప్పి చూడండి. ఎక్కడ లోపలికి లాగితే అక్కడ రబ్బరు పట్టీ మార్చాలి. అగరుబత్తి పొగతో చూడమని ఎవరైనా చెబుతారు, చెక్క పొడి దగ్గర నిప్పు వద్దు.

ఇక ఖాళీ చేయడం. సంచీ పైకి పోవడానికి కారణం, నడిచేటప్పుడు డ్రమ్ములో గాలి ఒత్తిడి బయటికన్నా తక్కువ ఉండటం. సంచీ లోపల గట్టి ప్లాస్టిక్ షీటును చుట్టచుట్టి నిలబెడితే ఆగుతుంది. నేను మాత్రం సంచీని డ్రమ్ము లోపల వేయను, బయటే వేస్తాను. మెషీన్ ఆపి, ప్లగ్గు తీసి, పొడి అణగడానికి పావుగంట ఆగుతాను. మూత మెల్లగా తీసి, పెద్ద ఖాళీ ప్లాస్టిక్ సంచీని డ్రమ్ము మూతికి టోపీలా తొడిగి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో రెండు చుట్లు బిగిస్తాను. అప్పుడు ఇద్దరం పట్టుకుని డ్రమ్మును తలకిందులు చేస్తాం. పొట్టు సంచీలోనే పడుతుంది, లేచే దుమ్మూ అందులోనే లేస్తుంది. అయిదు నిమిషాలాగి డ్రమ్ము ఎత్తేస్తాం. తొందరపడి వెంటనే ఎత్తితే ఇంత చేసిందీ వృథా.

ఈ పని ఉదయం ఏడింటికి ముందు పెట్టుకోండి. పొద్దెక్కితే సముద్రం గాలి లేస్తుంది, మేడ మీదికి బట్టలూ వస్తాయి.

మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్-95 మాస్కు పెట్టుకోండి. పక్కన సాయం పట్టే కుర్రాడికీ ఒకటి ఇవ్వండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో పెట్టింది. ముఖ్యంగా ముక్కు లోపల వస్తుంది. ఫిల్టరును కూడా షెడ్డు బయటే, శుభ్రంగా ఉన్న వైపు నుంచి తక్కువ ప్రెజర్‌తో గాలి కొట్టి దులపండి.

నిప్పురవ్వలు చిమ్మే గ్రైండర్ పైపు మాత్రం దీనికి ఎప్పుడూ తగిలించకండి. నివురుగప్పిన నిప్పంటారే, పొట్టులో అది ఉత్త మాట కాదు. ఒక్క రవ్వ పడితే గంటల తరబడి పైకి కనపడకుండా రాజుకుంటుంది. నిండిన సంచీని రాత్రి షెడ్డులో వదలకుండా బయట పెట్టండి.

ప్రశ్న: మాది ఏటికొప్పాక, లక్క బొమ్మల పని. లేత్ మీద అంకుడు కర్ర పొట్టు బస్తాలకొద్దీ వస్తుంది. కోళ్ల ఫారానికి ఇవ్వొచ్చా?

జవాబు: లక్క, రంగు పడకముందు వచ్చిన పొడి పొట్టయితే నిక్షేపంగా ఇవ్వండి. రంగు అద్దాక వచ్చేది విడిగా తీయండి. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో అదిమి చేసే బోర్డు) పొడి వద్దు, వాటిలో జిగురు ఉంటుంది. కోళ్లవాళ్లకు కావలసింది బరకగా ఉండే పొట్టు. మెత్తటి పొడి వాటి ముక్కుల్లోకీ పోతుంది, జల్లించి ఇవ్వండి. మా అమ్మ పొట్టు పొయ్యిలో నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేసి వెలిగించేది. పూటంతా మండేది. మీ ఊళ్లో ఇంకా ఆ పొయ్యి ఉన్నవాళ్లుంటే అడక్కముందే పట్టుకుపోతారు. మెత్తటి పొడిని మాత్రం మంట మీదికి విసరొద్దని చెప్పండి, భగ్గున లేస్తుంది.