చిక్కుడు పందిరి మీద బంగారు తీగ

ప్రశ్న: అర ఎకరం చిక్కుడు పందిరిలో ఒక మూలన పసుపు దారాల్లాంటి తీగ అల్లుకుంది. ఆకు లేదు, నేలలో వేరూ లేదు. వేప కషాయం రెండుసార్లు కొట్టినా చావలేదు. రసాయనాలు వాడను. ఇంకే ఆకు కషాయం కొట్టాలి?
– ఒక రైతు, శంకర్‌పల్లి

జవాబు: అది బంగారు తీగ, ఇతర మొక్కల రసం పీల్చి బతికే కలుపు. వేపలోని అజాడిరక్టిన్ పురుగుల మేతనూ ఎదుగుదలనూ దెబ్బతీస్తుందే గాని కలుపును చంపదు. తీగను మాడ్చేంత ఘాటైన కషాయమేదైనా చిక్కుడు ఆకునూ మాడుస్తుంది. ఈ పంట వరకు కొడవలే మందు.

దారాలు లాగేసి ఊరుకుంటే మళ్లీ వస్తాయి. అది తన పీల్చే వేళ్లను చిక్కుడు కాడలోకి దించుతుంది. పైది తెగినా లోపలిది చిగురిస్తుంది. అందుకే అంటుకున్న చోటికి జానెడు కిందికి చిక్కుడు కాడనే కోసేయండి. తెంపిన ముక్క పక్క మొక్క మీద పడినా అల్లుకుంటుంది కనుక పొలంలో ఈడ్చుకుపోకుండా అక్కడే సంచిలో వేసి, గట్టుకు తెచ్చి కాల్చండి. తెల్లటి చిన్న పూలగుత్తులు రాకముందే ఇది జరగాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, గట్టి పెంకు వల్ల పదేళ్లు దాటినా అవి మొలవగలవు. పశువులకూ వేయకండి, గింజ అరగకుండా పేడలో బయటికొస్తుంది. తర్వాత నెల రోజులు వారానికోసారి ఆ మూల చూస్తుండండి.

చిక్కుడు గింజతో వచ్చిందనుకోను. బంగారు తీగ గింజ సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే ఉంటుంది, జల్లెడలో రాలిపోతుంది. ఎరువు డెయిరీ నుంచి తెస్తుంటే, అక్కడ పశువులకు లూసర్న్ అనే పప్పుజాతి మేత మేపుతున్నారేమో అడగండి. లూసర్న్ విత్తనంలో ఇది తరచూ కలిసి వస్తుంది.

మొక్కతోనే అదుపు కావాలంటే వచ్చే పంటగా జొన్న గాని మొక్కజొన్న గాని వేయండి. ఈ గడ్డిజాతి పైర్ల మీద అది బతకలేదు. మొలకకు వేరు నామమాత్రం. ఆసరా దొరక్కపోతే పది రోజుల్లోపే ఎండిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు: జొన్న వేసి, సాళ్లలో వెడల్పాకు కలుపును వదిలేస్తారు. తీగ దాని మీద హాయిగా పెరిగి గింజ కడుతుంది. మళ్లీ చిక్కుడు వేసే ముందు ఒక తడిచ్చి పది రోజులు ఆగండి, మొలిచిన దారాలను పైపైన గుంటకతో చెరపండి. లోతుగా దున్నితే అడుగున ఉన్న పాత గింజ పైకొస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో పొగాకులో మొలిచే మల్లె అనే కలుపు మొక్క మీద నూనె చుక్క వేసి చంపేవారు. బంగారు తీగకూ అదే చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కుదరదు. మల్లె పొగాకు వేరును పీలుస్తూ నేలలోంచి విడిగా లేస్తుంది, దాని చిగురు మీదే చుక్క వేయొచ్చు. బంగారు తీగ ఆకుల మధ్య పెనవేసుకుంటుంది. నూనె పైరునూ మాడుస్తుంది. పొగాకుకు ముందు పెసర వేసి మల్లె గింజను మొలిపించి చావనిచ్చే పద్ధతీ ఇక్కడ ఎదురుతిరుగుతుంది. మల్లె గింజ మొలవాలంటే పైరు వేరు స్రవించే పదార్థం తగలాలి. బంగారు తీగకు తడి చాలు, పైగా పెసర దానికి మంచి మేత.