యాంటెన్నా పెట్టే ముందు ఇది చదువు బిడ్డా

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఫ్రిస్కోలో కొత్తింటి పైకప్పు మీద నువ్వే యాంటెన్నా బిగిస్తానంటున్నావని చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతులో గర్వం ఉంది, చివర్లో మాత్రం "నువ్వోసారి మాట్లాడరా" అని ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు, నీకు తెలియదు. ఫోన్‌లో చెబితే మధ్యలో పిల్లాడు ఏడుస్తాడు, నీకు మీటింగ్ వస్తుంది, అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివాకే నిచ్చెన ముట్టుకో.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. మీ డల్లాస్ వైపు పెద్ద స్టేషన్ల టవర్లన్నీ దాదాపు ఒక్కచోటే, సెడార్ హిల్ గుట్ట మీద ఉన్నాయి. మీ ఇంటి నుంచి సుమారు 40 మైళ్ళు, నేరుగా దక్షిణానికి కొంచెం పడమరగా. కాబట్టి అటూ ఇటూ తిప్పే మోటారు ఏదీ కొనకు, ఒకవైపు చూపిస్తే చాలు. రాబిట్‌ఇయర్స్ అనే వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఏ స్టేషన్ ఏ దిక్కున, ఎంత బలంగా వస్తుందో చూపిస్తుంది.

కిటికీకి అతికించే పల్చటి రేకులాంటి యాంటెన్నాలకు డబ్బు తగలెయ్యకు. టీవీలో 4, 5, 11 అని కనిపించే ఛానళ్ళు నిజానికి యూహెచ్‌ఎఫ్ అనే పొట్టి అలల్లో వస్తాయి, వాటికి జానెడున్నర పుల్లలు సరిపోతాయి. కానీ 8వ నంబరు ఛానల్ డబ్ల్యూఎఫ్‌ఏఏ ఇప్పటికీ వీహెచ్‌ఎఫ్ అనే పొడుగు అలల్లోనే వస్తుంది, దానికి దాదాపు 32 అంగుళాల పుల్ల కావాలి. ప్లేనోలో ఉన్నప్పుడు నాకు అన్నీ వచ్చి అదొక్కటే గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంటే, మూడు నెలలు టీవీనే తిట్టుకున్నాను. కొనేటప్పుడే పెట్టె మీద వీహెచ్‌ఎఫ్ హై అని రాసుందో లేదో చూడు.

హెచ్ఓఏ, అదే మీ కాలనీ సంఘం వాళ్ళు ఉత్తరం పంపుతారేమోనని భయపడుతున్నావట. నీ సొంతింటి మీద టీవీ యాంటెన్నా వద్దనే హక్కు వాళ్ళకు లేదు, అమెరికాలో ప్రసారాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన రూలు 1996 నుంచీ ఉంది. కప్పు కంటే 12 అడుగుల పైకి లేచే స్తంభం పెడితేనే పర్మిషన్ అడగొచ్చు. నువ్వు అంత ఎత్తు పెట్టడం లేదు. పెట్టనివ్వను.

అసలు కప్పు ఎక్కకుండా అటకలోనే పెట్టొచ్చు కదా అని నీకూ అనిపించే ఉంటుంది. టార్చ్ పట్టుకుని ఒక్కసారి అటకలోకి తొంగి, పైకప్పు చెక్కల అడుగుభాగం చూడు. మామూలు చెక్క రంగులో ఉంటే అక్కడే పెట్టి చూడొచ్చు. చాక్లెట్ కాగితంలా వెండి రంగులో తళతళలాడుతుంటే మాత్రం వద్దు. అది వేడిని ఆపడానికి వేసిన రేకు, టెక్సాస్ ఇళ్ళలో చాలావాటికి ఉంటుంది, వేడితో పాటు సిగ్నల్‌నూ ఆపేస్తుంది. నేను ఆగస్టులో అటకలో దూరి, చెమటతో చొక్కా పిండుకునేంత తడిసి, యాంటెన్నా నాలుగు మూలలా తిప్పాక గానీ తల పైకెత్తి ఆ మెరుపు చూడలేదు.

ఇక మీ నాన్న సంగతి.

ఆయన ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు చాపుకోవని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వేడి నీళ్ళు పడ్డాయని చెబుతూ వచ్చాడు. కాదు బిడ్డా. నిన్న రాత్రి నేనే అడిగాను, చిన్నీకి చెప్పనా అని. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "చెప్పు" అన్నాడు.

1987 నవంబరు 4. మర్నాడు బొంబాయిలో వరల్డ్ కప్ సెమీఫైనల్, మనకూ ఇంగ్లండ్‌కూ. భువనగిరిలో మన వీధిలో అప్పటికి మూడే టీవీలు, అందులో ఒకటి మనది. రేపు సగం వీధి మనింట్లోనే ఉంటుందని మీ నాయనమ్మ పొద్దున్నే చాపలు దులిపి పెట్టింది. సాయంత్రం టీవీ పెడితే బొమ్మ లేదు, చుక్కలే. హైదరాబాద్ సిగ్నల్ మాకు ఎప్పుడూ కాస్త నీరసంగానే అందేది, కానీ అంత ఘోరంగా ఎప్పుడూ లేదు. నాకు పదహారేళ్ళు, అన్నకు పంతొమ్మిది. ఎత్తు చాలడం లేదు, ఇంకో పైపు కలుపుదామని పట్టుబట్టింది నేను. అన్న వద్దన్నాడు. మధ్యాహ్నం వాన పడింది, డాబా తడిగా ఉంది, పొద్దున చూద్దాం అన్నాడు. నేను వినలేదు. పక్కన సైకిల్ షాపాయన దగ్గర పది అడుగుల ఇనుప పైపు అరువు తెచ్చి, ఉన్నదానికి కప్లింగ్ పెట్టి కలిపేశాను.

అప్పట్లో కరెంటు తీగలంటే నాలుగు ఒట్టి తీగలు, వీధి పొడవునా మన పిట్టగోడకు నాలుగైదు అడుగుల దూరంలోనే వెళ్ళేవి. రోజూ చూసేవాళ్ళం, అందుకే కళ్ళకు ఆనేవి కావు. అన్న ఉత్త కాళ్ళతో నిలబడి, పైపు మొదలు రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. పైన కట్టిన తాడు నా చేతిలో ఉంది, పైపు వీధి వైపు ఒరగకుండా వెనక్కి లాగి పట్టుకోవడం నా పని. కింద నుంచి ఎవరో "వచ్చింది, వచ్చింది, బొమ్మ వచ్చింది" అని అరిచారు.

నేను తాడు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాను. బొమ్మ చూద్దామని.

మూడు మెట్లు దిగి ఉంటాను. వెనక ఒక చప్పుడు, మందమైన గుడ్డ చింపినట్టు. తిరిగి చూస్తే పైపు కొన తీగ మీద ఆని ఉంది, అన్న దాన్ని పట్టుకునే ఉన్నాడు. వదలడం లేదు అనుకున్నాను. వదలలేకపోయాడు, కరెంటు చేతిని అలా బిగించేస్తుందని నాకప్పుడు తెలియదు. నోరు తెరిచి ఉంది కానీ శబ్దం లేదు. నేను ఆయన్ని పట్టుకుని లాగబోయాను కూడా, సైకిల్ షాపాయన నా భుజం పట్టి వెనక్కి తోసేసి, మూలనున్న ఎండు వెదురు కర్రతో పైపును ఒక్క దెబ్బ కొట్టాడు. పైపు పడింది, అన్న పడ్డాడు. అంతా కలిపి కొన్ని సెకన్లే. అరచేయి, ఎడమ కాలి మడమ కాలిపోయాయి. తర్వాత వేళ్ళు చాపుకోలేదు.

ఆ మ్యాచ్ నేను హాస్పిటల్ వరండాలో విన్నాను, ఎవరిదో ట్రాన్సిస్టర్‌లో. గూచ్ వంద దాటాడని చెబుతున్నారు, మనం ఓడిపోయాం. మత్తులో ఉన్న అన్న కళ్ళు తెరిచి మొదట అడిగింది స్కోరే.

ఇంకొకటి మీ నాన్నకు కూడా నిన్న రాత్రే చెప్పాను. నాలుగు రోజుల తర్వాత నేనొక్కణ్ణే డాబా ఎక్కి చూశాను. యాంటెన్నా నుంచి దిగే ఫ్లాట్ వైరుకి సగంలో పాత అతుకు ఒకటి ఉంది, పైన గుడ్డ టేపు. టేపు విప్పితే లోపల రాగి పచ్చబడిపోయి ఉంది, ఒకే ఒక్క పోగు అంటుకుని ఉంది. కింద కూర్చుని ఆ ముక్క కోసేసి, కొత్తగా అతికి, మొదట ఉన్న పాత పైపుకే యాంటెన్నా కట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది. టీవీ కట్టేసి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఎత్తు ఎప్పుడూ సరిపోయే ఉంది చిన్నీ. జానెడు తీగ బాగు చేసుకుంటే అయిపోయేది.

అందుకని నువ్వు ఎక్కే ముందు కింద చెయ్యగలిగినవన్నీ కిందే చెయ్యి. మీ కాలనీలో కరెంటు తీగలు భూమిలోంచి వెళ్తాయి, నిజమే, అయినా వెనక వీధి వైపు, పక్కింటి వైపు తల ఎత్తి ఒకసారి చుట్టూ చూడు. యాంటెన్నాను ముందు పెరట్లో ఒక స్టాండుకి కట్టి, దక్షిణం వైపు చూపించి, టీవీలో ఛానళ్ళు స్కాన్ చెయ్యి. అక్కడే అన్నీ వస్తే కప్పు దాకా వెళ్ళే పనే లేదు, గోడ పక్కన స్తంభం చాలు. రాకపోతే కూడా ముందు కేబుల్ చూడు. కేబుల్ కొస విప్పి వెలుతురులో పెట్టుకో. మధ్య రాగి తీగ కనెక్టర్ అంచు కంటే కొంచెం బయటికి, నిటారుగా ఉండాలి. చుట్టూ ఉన్న జల్లెడ తీగలో వెంట్రుకంత పోగు కూడా ఆ మధ్య తీగకు తగలకూడదు. బయట వాడే ఆర్‌జీ-6 రకం టీవీ కేబులే కొను, మధ్యలో అతుకులు వద్దు. ఇంట్లోకి దూరే చోట కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి లోపలికి వెళ్ళాలి, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోవాలి. నాలుగు గదులకూ ఒకేసారి పంచకు, రెండుగా చీలిస్తేనే ఒక్కోదానికి సగం కంటే తక్కువ మిగులుతుంది. బూస్టర్ చివరి మాట. బలమైన సిగ్నల్ మీద బూస్టర్ పెడితే టీవీకి ఊపిరాడక ఉన్నవి కూడా పోతాయి. మా రోజుల్లో సిగ్నల్ తగ్గితే చుక్కల్లోనైనా మనిషి కనిపించేవాడు, ఈ డిజిటల్‌లో కాస్త తగ్గితే నల్ల తెరే, అందుకే జనం కంగారుపడి బూస్టర్లు కొంటారు. నువ్వు కంగారుపడకు.

ఇవన్నీ అయ్యాక కూడా పైకే పెట్టాల్సి వస్తే, కప్పు మధ్యలో వద్దు, పక్క గోడ త్రికోణానికి బిగించు, పెంకులకు చిల్లు పడదు. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా ఉండాలి, అంచు దాటి మూడు అడుగులు పైకి రావాలి. అల్లుడు నిచ్చెన కింద నిలబడాలి, నువ్వు దిగేదాకా అక్కడి నుంచి కదలకూడదు, ఛానల్ వచ్చిందని లోపల నుంచి ఎవరు పిలిచినా సరే. ఆయనకు ఈ వాక్యం చదివి వినిపించు.

స్తంభానికి పది గేజ్ రాగి తీగ కట్టి ఇంటి కరెంటు ఎర్త్‌కే కలపాలి, కేబుల్ లోపలికి వచ్చే చోట గ్రౌండ్ బ్లాక్, అంటే కేబుల్‌ను ఎర్త్‌కు కలిపే చిన్న ముక్క పెట్టి దాన్నీ అక్కడికే. విడిగా ఎక్కడో రాడ్ పాతి వదిలెయ్యొద్దు, అది ఇంకా ప్రమాదం. ఈ ఒక్క పని ఎలక్ట్రీషియన్‌తో చేయించు, డబ్బు నేను పంపుతాను, వాదించకు. మీ దగ్గర వసంతంలో ఉరుములు ఎలా ఉంటాయో 19 ఏళ్ళు చూశాను, హెచ్చరికలు చూడాల్సిన రోజు కాకపోతే, ఉరుములు మొదలవ్వకముందే టీవీ వెనక కేబుల్ ఊడదీసెయ్యి. సుడిగాలి హెచ్చరికలు ఇంటర్నెట్ పోయినా టీవీలో కనపడాలనే కదా ఇదంతా పెడుతున్నావు, ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. పిల్లాణ్ణి పెట్టుకుని అంత ముందుచూపుతో ఉన్నావని మీ నాయనమ్మకు చెబితే, అర్థమైందో లేదో గానీ "మా చిన్నీ" అని రెండుసార్లు అంది.

శనివారం మొదలుపెడతావట. ముందు కేబుల్ కొస ఫోటో దగ్గర నుంచి తీసి పంపు, నేను చూసి సరే అన్నాకే తర్వాతి పని. ఉప్పల్‌లో అప్పుడు రాత్రి రెండైనా సరే, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. మీ నాన్న కూడా ఇక్కడే పడుకుంటానన్నాడు.

మీ చిన్నాన్న