కొలెస్ట్రాల్‌కు నియాసిన్ మాత్రలు వేసుకోవచ్చా? జొన్నరొట్టెతో ఆ విటమిన్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 52. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండటంతో ఏడాదిగా స్టాటిన్ మాత్ర వాడుతున్నాను. షుగర్ కూడా సరిహద్దులో ఉంది. అమెరికా నుంచి వచ్చిన బంధువు కొలెస్ట్రాల్‌కు మంచివని నియాసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు ఇచ్చారు. వేసుకున్న అరగంటకే ముఖం, మెడ ఎర్రబడి మండుతున్నాయి. పైగా, షుగర్ కోసం రాత్రిపూట జొన్నరొట్టె మొదలుపెడితే, జొన్న తింటే నియాసిన్ లోపం వస్తుందని మా పెద్దవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందుగా ఆ మాత్రల సంగతి. మీ డాక్టరు రాయని ఆ నియాసిన్‌ను ఈ రోజే ఆపేయండి. స్టాటిన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపవద్దు.

నియాసిన్ అంటే బి3 విటమిన్. మనం తిన్న అన్నం, కొవ్వు, మాంసకృత్తుల నుంచి కణాలు శక్తిని తీసుకోవడానికి అవసరమైన ఎన్‌ఏడీ అనే సహాయక పదార్థం దీని నుంచే తయారవుతుంది. పెద్దవారికి రోజుకు సుమారు 14 నుంచి 18 మిల్లీగ్రాములు చాలు. మీరు వేసుకుంటున్నది దానికి దాదాపు 30 రెట్లు. అంత మోతాదులో అది విటమిన్‌గా కాక మందుగా పనిచేస్తుంది కాబట్టి, మందుకు ఉండే దుష్ఫలితాలన్నీ దానికీ ఉంటాయి. మీ ముఖం మండటానికి కారణం ఎలర్జీ కాదు. ఎక్కువ మోతాదు నియాసిన్ వల్ల చర్మంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై, రక్తనాళాలు వెడల్పవుతాయి. ఈ మంట గంటసేపట్లో తగ్గిపోతుంది, దానంతట అది ప్రమాదకరం కాదు. నాకు ఆందోళన కలిగించేది పైకి కనిపించని హాని. పెద్ద మోతాదు నియాసిన్ రక్తంలో చక్కెరను, యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. కాలేయాన్ని దెబ్బతీయవచ్చు, ముఖ్యంగా మంట రాకుండా నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రలతో ఈ ముప్పు ఎక్కువ. షుగర్ సరిహద్దులో ఉన్న మీకు ఇది తగిన మందు కాదు.

ఒకప్పుడు వైద్యులే దీన్ని కొలెస్ట్రాల్‌కు రాసేవారన్నది నిజమే. అది చెడు కొలెస్ట్రాల్‌ను, ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం రక్తంలోని కొవ్వును తగ్గించి, మంచి కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. అయితే స్టాటిన్ వాడుతున్నవారికి నియాసిన్ అదనంగా ఇచ్చి చూసిన రెండు పెద్ద పరిశోధనల్లో, అంటే 2011లో వెలువడిన ఎయిమ్-హై, 2014లో వెలువడిన హెచ్‌పీఎస్2-థ్రైవ్ ఫలితాల్లో, రక్తపరీక్షలోని అంకెలు మెరుగుపడినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పైగా రెండో పరిశోధనలో కొత్తగా మధుమేహం రావడం, ఇన్‌ఫెక్షన్లు, రక్తస్రావం ఎక్కువగా కనిపించాయి. మీరు సరిగ్గా ఆ కోవకు చెందినవారే.

ఇక జొన్న విషయం. మీ పెద్దవాళ్ల భయం గాలికి పుట్టినది కాదు. నియాసిన్ బాగా తగ్గితే వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ మీద చర్మం నల్లబడి పొలుసులుగా ఊడుతుంది, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ కనిపిస్తుంది. విరేచనాలు, మతిస్థిమితం తప్పడం కూడా తోడై, చికిత్స లేకపోతే ప్రాణం పోతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే తిండిగా ఉన్న పేదల్లో ఈ జబ్బు విజృంభించినప్పుడు, అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ చూపించారు. 1937లో అమెరికా శాస్త్రవేత్త కాన్‌రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో, అంటే నియాసిన్‌తో, కుక్కల్లో అలాంటి జబ్బును నయం చేశారు. మన దక్కన్‌లో జొన్నే ముఖ్య ఆహారంగా బతికిన పేద కూలీల్లోనూ ఇది కనిపించింది. దాన్ని హైదరాబాద్‌లో అధ్యయనం చేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లో ఉండే ఒక భాగం) ఎక్కువగా ఉండటం ఇందుకు కారణమై ఉండవచ్చని 1960లోనే ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తర్వాత వాదోపవాదాలు నడిచినా, అసలు సమస్య పప్పు, పాలు, మాంసం దొరకని పేదరికమేనన్నది నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్‌ను తానే తయారుచేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్ లెక్క. పాలలో, గుడ్డులో నియాసిన్ తక్కువే అయినా అవి పెల్లాగ్రాను అడ్డుకోవడానికి కారణం ఇదే. కాబట్టి రాత్రి జొన్నరొట్టెతో పప్పు, గుడ్డు కూర, పెరుగు ఉన్నంతవరకు మీకు ఏ భయమూ లేదు. గుప్పెడు వేరుశనగ గింజలతో దాదాపు 4 మిల్లీగ్రాములు, 100 గ్రాముల కోడి మాంసంతో సుమారు 8 మిల్లీగ్రాములు నేరుగా అందుతాయి. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో ఇది తక్కువ, గంజి వారిస్తే ఇంకా పోతుంది. ఉప్పుడు బియ్యంలో మెరుగ్గా నిలుస్తుంది.

ఈ రోజుల్లో లోపం కనిపించేది ఎక్కువగా మద్యానికి బానిసై తిండి మానేసినవారిలో, దీర్ఘకాలం విరేచనాలున్నవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరైన ఆహారం లేనివారిలో. మీ ఇంట్లో అలాంటివారు ఉండి, ఎండ తగిలేచోట చర్మం నల్లబడుతుంటే వెంటనే వైద్యుడికి చూపించండి.

మీరు ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి, ఎన్ని రోజులు ఈ మాత్రలు వాడారో దాచకుండా చెప్పి, కాలేయ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష), యూరిక్ యాసిడ్ చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి మందగించి వాంతులవుతున్నా ఆ వారం కూడా ఆగవద్దు. కొలెస్ట్రాల్ ఇంకా అదుపులోకి రాకపోతే స్టాటిన్ మోతాదు మార్చడమో, ఎజెటిమైబ్ వంటి మందు జతచేయడమో ఆయనే నిర్ణయిస్తారు.