ఇసకలో పెళ్ళిపీటలు: మీ ప్రశ్నలు, అక్క జవాబులు

సంక్రాంతి అయిందో లేదో ఈసారి ఉత్తరాల్లో సగం పెళ్ళిళ్ళ గురించే, అందులోనూ సముద్రం ఒడ్డున పెళ్ళి గురించి. మాఘం ముహూర్తాలు కదా మరి. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను, అత్తగారి మీద కంప్లైంట్లు రాసినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది విజయనగరం. మా తమ్ముడు బెంగుళూర్లో జాబ్. వాడి పెళ్ళి మాఘంలో, ముహూర్తం రాత్రి 9 దాటాక. వాడికీ ఆ అమ్మాయికీ బీచ్‌లోనే చేసుకోవాలని ఉంది, కానీ పద్ధతిగా, మన పెళ్ళి తంతు అంతా జరగాలి అంటున్నారు. 300 మంది దాకా వస్తారు, సగం మంది బయటి ఊళ్ళ నించే. మా నానమ్మ మాత్రం సముద్రాన్ని ఊరికినే ముట్టుకోకూడదు, అక్కడ పెళ్ళేటర్రా అని రెండ్రోజులనించి అన్నం సరిగ్గా తినట్లేదు. భోగాపురం వైపు చూడాలా, కళింగపట్నమా, బారువా? ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నానమ్మ సంగతి చూద్దాం, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. రావిచెట్టునీ సముద్రాన్నీ దూరం నించి దణ్ణం పెట్టుకోవాలి, రావిచెట్టుని శనివారం తప్ప, సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప తాకకూడదు అని పెద్దవాళ్ళు చెప్తారు. తాకొద్దన్నారు గానీ చూడొద్దనలేదు కదా! ఎవరూ నీళ్ళలోకి దిగరు, మండపం నీళ్ళకి చాలా దూరంలో ఉంటుంది, నువ్వు కూచునే కుర్చీ ఇంకా దూరంలో వేస్తాం అని చెప్పు. తింటుంది. నిజానికి ఆవిడ మాట వింటే మీకే లాభం, ఎందుకో కింద చెప్తాను.

ఊరి సంగతి. మీరు విజయనగరం వాళ్ళు కాబట్టి భోగాపురం, కోనాడ, చింతపల్లి వైపు దగ్గర. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది, చింతపల్లిలో లైట్‌హౌస్, రాళ్ళు, ఫొటోలకి బావుంటుంది. కళింగపట్నంలో వంశధార కలుస్తుంది, అక్కడా లైట్‌హౌస్ ఉంది, వెడల్పాటి ఇసక, నాకైతే అదే ఇష్టం కానీ నది కలిసే మొగ దగ్గరకి మాత్రం పిల్లల్ని పంపొద్దు, పైకి నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, కింద లోతు ఎక్కడ మొదలవుతుందో తెలీదు. బారువ చాలా అందం, కాకపోతే సోంపేట దాకా పోవాలి, 300 మందిని అంత దూరం తిప్పడం మీ నాన్నగారి వల్ల అవుతుందా? బయటి ఊళ్ళ వాళ్ళకి ఇంకో మాట ముందే చెప్పండి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అంటే శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది, మా ఇంటి పెళ్ళికి ఒక పెద్దాయన రైలు దిగి సముద్రం ఎటు బాబూ అని రిక్షా అతన్ని అడిగారు.

ఇంకోటి, తేదీ చూసుకునేటప్పుడు రథసప్తమి ఎప్పుడో చూడండి. మాఘ శుద్ధ సప్తమి అంటే అరసవిల్లిలో జనమే జనం, ముందురోజు రాత్రినించే శ్రీకాకుళం టౌన్లో లాడ్జి గది దొరకదు, రోడ్ల మీద బస్సు కదలదు. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకి వచ్చే జనం వేరు. అదృష్టం బావుంటే ఆ రెండిటి మధ్య రోజులు దొరుకుతాయి.

ఇప్పుడు అసలు విషయం. అందరూ సాయంత్రం వెళ్ళి, నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని, అక్కడికి ఇరవై అడుగులు వెనక్కి జరిగి ఇక్కడ మండపం అని గీత గీసేసి వస్తారు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు లేటవుతూ ఉంటుంది, అంటే మీరు చూసొచ్చిన వారం తర్వాత అదే టైముకి నీళ్ళు అక్కడ ఉండవు. పైగా పౌర్ణమి అమావాస్యల దగ్గర పోటు పెద్దది, మన ముహూర్తాలేమో శుద్ధ పక్షంలో దశమి, త్రయోదశి అని పౌర్ణమికి దగ్గర్లోనే పెడతారు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్రం మీద కన్నేసి ఉంచే సంస్థ ఉంది, పెద్ద అలల హెచ్చరికలు వాళ్ళే ఇస్తారు, అవి చూడండి, దానికన్నా ముందు ఆ ఊళ్ళో వేటకెళ్ళే పెద్దమనిషి ఎవరన్నా ఉంటే పక్కన కూచుని అడగండి. ఇసకలో ఎండిపోయిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పడుంటాయి చూశారా, అదే మొన్నటి పోటు ఎక్కిన చోటు. దానికి బాగా ఇవతల, కుదిరితే సరుగుడు తోట అంచున వేసుకోండి. ఒడ్డంటే వాళ్ళకి వాకిలి లాంటిది, పడవలూ వలలూ అక్కడే ఉంటాయి, కాబట్టి పంచాయతీ వాళ్ళనీ ఊరి పెద్దల్నీ అడక్కుండా ఒక్క కర్ర కూడా పాతొద్దు, పోలీస్ స్టేషన్లో కూడా ఒక కాగితం ఇచ్చుకోండి.

గాలి గురించి మా ఇంటి కథ చెప్పాలి. మా పిన్ని కూతురి పెళ్ళి ఇలాగే ఒడ్డునే చేశాం. పగలు ముహూర్తం. పగలు గాలి సముద్రం మీంచి నేల మీదకి వస్తుంది కదా, పదకొండు దాటేసరికి మొదలైంది. టెంటు వేసినాయన (పేరెందుకులెండి) రాడ్లు మామూలుగా మట్టిలో పాతినట్టే ఇసకలో పాతేశాడు, పట్టు ఉంటుందా! జీలకర్ర బెల్లం టైముకి అడ్డుతెర పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళ చేతుల్లోంచి తెర ఎగిరిపోయింది. మా అమ్మ దాని వెనక పరిగెత్తి ఒక కొసని కాలితో తొక్కి పట్టుకుంది, చేతిలో అక్షింతల పళ్ళెం అలాగే ఉంది. పురోహితుడుగారు పుస్తకం పేజీల మీద కొబ్బరి చిప్ప పెట్టుకుని మంత్రం చదివారు. మేం వేసిన అక్షింతల్లో ఒక్క గింజ పెళ్ళికూతురి మీద పడలేదు, అన్నీ తిరిగొచ్చి మా కళ్ళల్లోనే పడ్డాయి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ముహూర్తానికి పావుగంట ముందే చూసేసుకున్నారు, పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, బానే ఉన్నారు లెండి.

మీది రాత్రి ముహూర్తం కాబట్టి ఈ గొడవ తక్కువ, రాత్రి పూట గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా పోతుంది. అయినా ఇసక నింపిన గోనె సంచులు ప్రతి కాలికీ కట్టించండి, తెరకి కింద అంచున నాలుగు బరువైన కర్రముక్కలు కుట్టించండి, హోమగుండం చుట్టూ మూడు వైపులా ఇటుకలు కాస్త ఎత్తుగా పేర్పించండి. రాత్రికి ఇంకో శత్రువు ఉంది, మంచు. మాఘంలో కుర్చీ మీద చెయ్యి పెడితే తడి అంటుకుంటుంది, పట్టుచీర కట్టుకుని దాని మీద కూచున్నవాళ్ళ మొహాలు చూడాలి. పైకప్పు తప్పనిసరి. కుర్చీల కింద కొబ్బరి పీచు పట్టాలు గానీ ప్లైవుడ్ షీట్లు గానీ పరవకపోతే వెనక కాళ్ళు దిగబడి పెద్దవాళ్ళు వెనక్కి పడిపోతారు, ఇది సరదాకి చెప్పట్లేదు. కరెంటు వైర్లు తడి ఇసక మీద పాకనివ్వకండి, కర్రల మీంచి లాగమనండి.

మైకు గురించి కూడా తెలుసుకోండి. రాత్రి 10 నించి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన రూల్స్ ఉన్నాయి. ముహూర్తం 9 దాటాక అన్నారు, కాబట్టి డీజే, సంగీత్ గట్రా సాయంత్రమే కానిచ్చెయ్యండి. మైకు లేకుండా, అలల చప్పుడులో వినిపించే మంత్రం ఒకసారి విన్నవాళ్ళు మళ్ళీ మైకు అడగరు.

ఒడ్డున పెళ్ళి చేసుకోవడంలో నిజమైన లాభం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అరుంధతీ దర్శనం. టౌన్లో కల్యాణమండపంలో పురోహితుడు ట్యూబ్‌లైట్ వైపు వేలు చూపించి అదిగో అరుంధతి అంటే, ఆ కనిపించింది కనిపించింది అనేస్తాం, ఎవరికీ ఏమీ కనిపించదు. ఒడ్డున లైట్లు ఆర్పితే నిజంగా కనిపిస్తుంది. మాఘంలో రాత్రి పది దాటాక ఈశాన్యం వైపు సప్తర్షులు పైకొస్తారు, గరిటె ఆకారం ఉంటుంది కదా, దాని కాడలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకునే చిన్న చుక్క అరుంధతి. అదే కార్తీకంలో అయితే అర్ధరాత్రి దాటాక గానీ రాదు. మీ ముహూర్తం తర్వాత తంతు అయ్యేసరికి సరిగ్గా ఆ టైమే అవుతుంది, అయిదు నిమిషాలు జనరేటర్ ఆపించండి, 300 మందీ తలెత్తి చూస్తారు.

ప్రశ్న: మేడమ్, మాది నరసన్నపేట. ఫొటోగ్రాఫర్ సముద్రం వెనకాల రావాలంటే పెళ్ళివాళ్ళు పడమర వైపు తిరిగి కూచోవాలి అంటున్నాడు, పంతులుగారు తూర్పు తిరక్కపోతే పీటల మీంచి లేచిపోతా అంటున్నారు. ఇద్దరికీ అడ్వాన్స్ ఇచ్చేశాం.

జవాబు: పంతులుగారిదే రైటు, పెళ్ళికొడుకు తూర్పుముఖంగానే కూచుంటాడు, పెళ్ళికూతురు ఎదురుగా పడమర చూస్తూ. కానీ ఫొటోగ్రాఫర్‌ని కూడా కొట్టకండి పాపం, తప్పు కుర్చీలది. మన ఒడ్డు నిటారుగా ఉత్తరం దక్షిణం ఉండదు, నైరుతి నించి ఈశాన్యానికి వాలుగా పోతుంది, అంటే సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. అతిథుల కుర్చీలు మండపానికి ఉత్తరం వైపు వెయ్యండి, అందరూ దక్షిణం చూస్తారు. అప్పుడు పెళ్ళికొడుకు మొహం పక్కనించి కనిపిస్తుంది, ఎదురుగా అమ్మాయి, మధ్యలో తెర, వెనకాల ఎడమవైపు సముద్రం, కుడివైపుకి ఒడ్డు పొడుగ్గా పోతూ. తెర తీసినప్పుడు ఇద్దరి మొహాలూ ఒకే ఫొటోలో పడతాయి, ఇంతకన్నా మంచి ఫ్రేము వాడి జన్మలో దొరకదు. వెళ్ళేటప్పుడు ఫోన్లో దిక్సూచి తీసుకెళ్ళండి, ఒక్కో ఊళ్ళో ఒడ్డు వంపు కాస్త మారుతుంది.

ప్రశ్న: బఫే పెట్టాలా బంతి భోజనాలా? ఒడ్డున అంటే బఫేనే ఈజీ అంటున్నారు కేటరింగ్ వాళ్ళు. (పలాస నించి)

జవాబు: వాళ్ళకి ఈజీ, తినేవాళ్ళకి కాదు. చేత్తో ప్లేటు పట్టుకుని ఇసకలో నడుస్తూ తినడం అంటే ప్రతి ముద్దలోనూ కరకరలే. వంటా వడ్డనా రెండూ ఒడ్డున వద్దు, రోడ్డు వైపు తోటలోకో స్కూలు గ్రౌండులోకో మార్చేసి, టేబుళ్ళు వేసి, ఆకులు వేసి కూచోబెట్టి వడ్డించండి. గుమ్మడికాయ దప్పళం, ఆవ పెట్టిన పనసపొట్టు, బూరెలు నెయ్యితో, మీరు పలాస వాళ్ళు కాబట్టి జీడిపప్పు కూర పెట్టకపోతే ఎలాగూ ఊరుకోరు. పెరుగు మాత్రం మూత తియ్యకుండా ఉంచండి. ఇంకా ఏమిటంటే మీ సారె కావిళ్ళు, బుట్టలు నీళ్ళ దాకా మోయించకండి, అరిసెలు ఉప్పుగాలికి సాయంత్రానికి మెత్తబడిపోతాయి, మగపెళ్ళివారు మీకు అరిసెలు చెయ్యడం రాదనుకుంటారు.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర. ఫిబ్రవరిలో మా చెల్లి రిసెప్షన్ ఒడ్డున పెట్టాం. లైట్ల తోరణాలకే చాలా ఖర్చు పెట్టాం. తాబేళ్ళు చూసుకునే కుర్రాళ్ళు వచ్చి లైట్లు ఆర్పమన్నారు, గొడవ పెట్టుకున్నారు. తాబేలు కోసం పెళ్ళి ఆపాలా? ఇదేం న్యాయం?

జవాబు: కోపం తెచ్చుకోకు బాబూ, వాళ్ళదే న్యాయం. జనవరి నించి మార్చి దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట వస్తాయి. ఒక్కో తల్లి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఎక్కడ పెడుతుందంటే పోటు ఎక్కని పొడి ఇసకలో, సరిగ్గా మనం మండపం వేసే చోటే. మీ టెంటు రాడ్డు ఎక్కడ దిగిందో ఎవరికి తెలుసు. లైట్లు చూస్తే తల్లి ఒడ్డెక్కకుండానే వెనక్కి పోతుంది. నెలన్నర, రెణ్ణెల్లకి పిల్లలు పైకొస్తాయి, చీకట్లో సముద్రం వైపే కాస్త వెలుతురు ఉంటుంది కాబట్టి అటు పాకుతాయి, మన లైట్లు చూస్తే రోడ్డు వైపు పాకి తెల్లారేసరికి కాకులకి దొరుకుతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో వాటికి పులికిచ్చినంత రక్షణ ఉంది, ఆ కుర్రాళ్ళు మర్యాదగా చెప్పి వదిలేశారు, కేసు పెట్టలేదు, సంతోషించు. ఇంకెవరన్నా ఈ నెలల్లో పెట్టుకుంటుంటే ముందురోజు పొద్దున్నే ఫారెస్టు వాళ్ళని పిలిచి ఆ చోటు ఒకసారి చూపించుకోండి, లైట్లు సముద్రం వైపు కాకుండా నేల వైపు, కిందకి తిప్పి, పసుపు రంగువి, తక్కువగా పెట్టుకోండి. దీపాల కింద పెళ్ళికూతురు ఎలాగూ అందంగానే ఉంటుంది.

ప్రశ్న: గుడీ కాదు, కల్యాణమండపమూ కాదు, ఇసకలో చేసుకున్న పెళ్ళి రిజిస్టర్ అవుతుందా అక్కా? మా మావయ్య చెల్లదంటున్నాడు.

జవాబు: మావయ్యకి చెప్పు, 1955 హిందూ వివాహ చట్టంలో చోటు గురించి ఏమీ లేదు, తంతు గురించి ఉంది. సప్తపది ఉన్న ఆచారం అయితే ఏడో అడుగు పడగానే పెళ్ళి పూర్తయినట్టే. అసలు తంతు జరక్కుండా ఉత్త సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటేనే చెల్లదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఆ ఏడడుగులూ స్పష్టంగా వీడియో తీయించుకోండి, శుభలేఖ, వయసు రుజువులు, ఫొటోలు, సాక్షుల్ని పట్టుకుని వెళ్ళండి. ఏడడుగులు వేసేటప్పుడు మాత్రం కింద చాప పరవండి, ఇసకలో అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్ళు తొక్కుకుని మూడో అడుగు దగ్గరే కూలబడితే మావయ్య దాన్ని కూడా లెక్కెడతాడు.